శుక్రవారం వచ్చిన అతిథి

శుక్రవారం మధ్యాహ్నం కిసుము రేవు పట్నంలో ఒవితి గారి ఇంటి ముందు పోలీసు జీపు ఆగింది. ఆయన పార్లమెంటు సభ్యుడు, పేదల వకీలు. తలుపు తీసిన భార్య గుమ్మంలో పోలీసు అధికారిని చూసి ఆశ్చర్యపోలేదు. టీ అప్పటికే పొయ్యి మీద ఉంది.

"సారున్నారా అమ్మా? చిన్న మాట అడిగి పంపించేస్తాం."

"సోమవారం దాకా సాగే చిన్న మాటేనా?"

"అదేంటమ్మా!"

"ఇవాళ తీసుకెళ్తే సోమవారం దాకా జడ్జి దొరకడు. ఆ సోమవారం పొద్దున్నే, రేవులో ధర్నా చేశారని మీరు లోపలేసిన చేపలమ్మే ఆడవాళ్ల కేసు విచారణకొస్తుంది. వకీలు లేకపోతే వాళ్లకి జైలే. కూర్చో నాయనా, మందాజీ బూరెలు వేడిగా ఉన్నాయి."

"డ్యూటీలో ఉన్నానమ్మా."

"టీ ముట్టకుండా గడప దాటావని తెలిస్తే మీ అమ్మ ఊరుకుంటుందా?"

అతను కూర్చున్నాడు. రెండో కప్పు నడుస్తుండగా ఫోను మోగింది. ఆవిడ "ఊఁ" అని విని పెట్టేసింది.

"ఇక సారుని పిలవండమ్మా."

"ఆయన పొద్దుటినుంచీ కోర్టులోనే ఉన్నారు. ముందస్తు బెయిలు ఇప్పుడే చేతికొచ్చిందట."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే కోర్టుకి పరిగెత్తేవాడివి. టీ చల్లారిపోయేది."

అతను టోపీ పెట్టుకుని, గుమ్మంలో ఆగి గొంతు తగ్గించాడు.

"వట్టి చేతులతో వెళ్తే మా పైవాడు నన్నే లోపలేస్తాడేమో. సారు నా కేసు చూస్తారా?"

"తప్పకుండా చూస్తారు. ముందు సోమవారం మీ మీద గెలవనీ."