చలికాలపు దగ్గు

తల్లి పోయిన రోజు, ఆఖరి క్షణంలో టీచరమ్మ ఆమె పక్కన లేదు. నెల తర్వాత జగ్గయ్యపేట బస్టాండులో వదినతో ఆ మాటే ఎత్తింది.

“దగ్గొచ్చి చీర తడిసింది వదినా. మార్చుకుని వచ్చేసరికి అమ్మ లేదు. తులసి తీర్థం నువ్వే పోశావు.”

“అందుకేగా ఇవాళ నిన్ను నందిగామ డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరదీసా.”

“చలి తగ్గితే దగ్గు పోద్ది. ఇదీ పోద్ది.”

“పోయినేడూ ఇదే అన్నావు. ఎండాకాలం నీళ్ళు తాగడం మానేశావు. వానాకాలం బడిలో బాత్రూమ్ పక్క క్లాసు అడిగి మరీ తీసుకున్నావు!”

“నవ్వకు. ఆవిడకి ఏమని చెప్పను?”

“ఉన్నదే చెప్పు. మూత్రం ఆపుకున్నట్టు లోపలి కండరాలు బిగబట్టి వదలమంటది. రెండో కాన్పయ్యాక నాకూ అదే నేర్పింది. కుర్చీలో కూర్చునే చేసుకోవచ్చు, ఎవరికీ తెలీదు.”

“వదినా, ఆ రోజు అమ్మ నన్ను అడిగిందా?”

“అడగలా. నువ్వెందుకు లేచెళ్ళావో అత్తయ్యకి తెలుసు. ‘దానికీ నా బాధే వచ్చింది. నాలాగా దాచుకోనివ్వకు, చూపించు’ అంది.”

“అమ్మకీ ఉందా?”

“ఇరవయ్యేళ్ళు.”

నందిగామ బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. డాక్టరమ్మతో అనవలసిన మొదటి మాట టీచరమ్మకు ఇంకా కుదరలేదు.