పచ్చ వైరు

గజపతినగరంలో నాటక పోటీలు జరిగిన మర్నాడు పొద్దున్న. లైట్ల షాపులో దుర్గ, ఆమె తమ్ముడు భాస్కర్.

“ఆ వైరొగ్గీ అక్కా. మరేటి సూస్తావు దాన్ని?”

“స్క్రూడ్రైవరు ఇలాగియ్యి.”

“రాత్రి నుంచి ఏటీ తిన్నేదు నువ్వు. ముందు రెండు ఇడ్లీలు...”

“కుమారి లేచి కూసున్నాక తింటాను. లైటు స్టాండు మీద సెయ్యేసి పద్యం పాడతన్న పిల్ల, కరెంటు కొట్టి స్టేజి మీంచి కింద పడ్డాది. నడుం ఇరిగిపోనాది. ఊరందరూ ఏటంతన్నారు? దుర్గ కట్టిన వైరు, ఎర్తు ఇవ్వడం మర్సిపోనాదంట అంతన్నారు. ఇయ్యరా స్క్రూడ్రైవరు!”

“మడిసన్నాక మర్సిపోతారు. దానికేటి...”

“నాను మర్సిపోన్నేదు.”

“పోనీలే అక్కా.”

“తాళెక్కడెట్టినానో మర్సిపోతాను గాని ఎర్తిచ్చే పచ్చ వైరు మర్సిపోను. నీకు నేర్పింది నానే కదా, సెప్పు. ప్లగ్గులో పచ్చది ఎంతొగ్గాలి?”

“మిగతా రెండిటి కన్నా బొటనేలంత పొడుగు.”

“ఎందుకు?”

“ఎవులైనా వైరు లాగినా పచ్చది ఆఖర్న ఊడాలని.”

“అది ఊడిపోతే?”

“లైటు రేకులోకొచ్చిన కరెంటు, పట్టుకున్నోల ఒంట్లోకెల్తాది. అన్నీ తెలుసక్కా నాకు. బడిపిల్లోన్ని అడిగినట్టు అడక్కు.”

“అయితే ఇది సూడు.”

“ఏటి?”

“స్క్రూ కింద. పచ్చ ముక్క ఉన్నాదా నేదా?”

“ఉన్నాది.”

“నాను బిగించిన ముక్కే అది. దాని కొన సూడు. తెగిందా, కోసీసినారా?”

“ఎలకలేటైనా...”

“ఎలక ప్లగ్గిప్పి, మూడిట్లో పచ్చదొక్కటే కొరికి, మల్లీ మూత బిగించీసి ఎల్లిందేట్రా? ఎటు సూస్తావు? నా మొకం సూడు!”

“రాత్రి నువ్వు అన్నాలు తెస్తానని ఇంటికెల్లినావు కదా...”

“ఎల్లినాను. అయితే?”

“ముందు వరస లైటు ఎయ్యడం, ట్రిప్పు స్విచ్చి పడిపోడం. ఎయ్యడం, పడిపోడం. కుమారి ద్రౌపది పద్యం ఎత్తుకోడం, సీకటైపోడం. జనం ఒకటే ఈలలు. జడ్జీలు లేసిపోతామంతన్నారు.”

“రేకులోకొచ్చిన కరెంటు పచ్చ వైర్లోంచి పోతంది, ముట్టుకోకండ్రా బాబూ అని ఆ స్విచ్చి మొత్తుకుంతంది! లైటు మార్సాలి.”

“ఇంకో లైటు నేదక్కా.”

“నేకపోతే దాన్ని తీసీ! ఉన్నవాటితోనే ఆడతారు. ద్రౌపది మొకం కాస్త నల్లగా కనిపిస్తే కొంపలేటి మునగవు కదా.”

“పచ్చది కోసీగానే లైటు నిలబడిపోనాది. మరి ఒక్కసారి కూడా స్విచ్చి పడిపోన్నేదు.”

“పడ్డాది. కుమారితో పాటు పడ్డాది.”

“అక్కా...”

“తిన్నింటి వాసాలు లెక్కెట్టినావు కదరా! సంకనేసుకుని పెంచినాను నిన్ను. తెల్లారకముందే కుమారి వాల్లమ్మ దగ్గరికెల్లి, తప్పు నాదేనేమో తల్లీ అని దండమెట్టినాను. బండి మీద తీసుకెల్లింది నువ్వే. పక్కన నిలబడి సూసినావు. అప్పుడైనా నోరిప్పినావా?”

“ఇప్పుదామనే అనుకున్నాను.”

“అనుకున్నావు! పద, మీ బావకి సెప్దాం.”

“బావకొద్దు.”

“ఎందుకొద్దు? పాపం ఆ మడిసి నన్నొక్క మాటన్నేదు. మా ఆడది అలగ సెయ్యదని ఆయనైనా నలుగుర్లో గట్టిగా సెప్పుకోవాలా వొద్దా?”

“బావకి తెలుసు.”

“ఏటి తెలుసు?”

“ప్లగ్గిప్పింది బావే. కటింగ్ ప్లేరు నా సేతిలో ఎట్టింది బావే. ఇప్పుడు లైట్లాగిపోతే వొచ్చే ఏడు మనల్ని పిలవరు, కోసీరా అన్నాడు. మీ అక్కకి మాత్రం సెప్పకన్నాడు.”

“అబద్దం.”

“అమ్మ మీదొట్టక్కా.”

“అబద్దం... రాత్రి నాను ఏడుస్తంటే ఈపు రాసినాడ్రా. తప్పులు జరగతాయి దుర్గా, ఎవులికైనా జరగతాయి అన్నాడు. ఆ మాటకే నాను...”

“ఎక్కడికి? అక్కా, ఆగు.”

“ఎక్కడున్నాడు?”

“ఇప్పుడెల్లకు. నా మాటిను.”

“ఎక్కడున్నాడ్రా మీ బావ?”

“ఆసుపత్రిలో. నాను అక్కన్నించే వొచ్చినాను. కుమారి వాల్లమ్మ కాల్లట్టుకుని ఏడుస్తన్నాడు, మా ఆడది తెలీక సేసింది, తప్పు కాయమ్మా అని.”