కత్తికి కత్తి ఆనించి

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు, పీర్ల పండగ రోజుల్లో, ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే కంకర రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం ఒక జట్కా ఆగి ఉంది. బండి తోలే పెంచలనరసయ్య, కత్తిసాము నేర్పే హుసేనయ్య చిన్ననాటి స్నేహితులు. అంటే, ఒకరినొకరు తిట్టుకోవడానికి వేరే కారణం అక్కర్లేనివాళ్లు. ఆ సాయంత్రం ఉదయగిరిలో హుసేనయ్యకు చంద్రశేఖర్ అనే అతనితో కత్తిసాము పోటీ. ఇద్దరూ బండి దిగి, చెరొక కర్ర పట్టుకుని, ఎండలో ఎదురెదురుగా నిలబడ్డారు.

"అట్ట కొట్టబాకరా నరసయ్యా. ఏందా కొట్టుడు? చింతకాయలు రాలస్తన్నావా?"

"సామంటే కొట్టుకునేదే గదా."

"కొట్టుకునేది సంతలో. సాములో ముందు ఆనించాల. నీ కర్ర తెచ్చి నా కర్రకు ఆనించు. ఆ. ఇంక తీయబాక."

"ఆనించినా. ఇప్పుడేంది? ఇట్టే నిలబడితే సాయంత్రానికి కాళ్లకు వేళ్లూనతాయి."

"ఊననీ. కుడికాలి మీద బరువు పెట్టినావు. అవునా కాదా?"

"అవును."

"ఇప్పుడు భుజం బిగించినావు. నన్ను ఏమార్చాలని చూస్తన్నావు. మూతి కూడా వంకర పెట్టుంటావు."

"మూతి సంగతి కూడా కర్ర చెప్పిందా?"

"మూతి సంగతి నలభయ్యేళ్లుగా తెలుసు. మిగతాదంతా కర్రే చెప్పింది. నొక్కినావనుకో, ఎదుటోడు జారిపోయి నీ పక్కటెముకలు చూస్తాడు. వదిలినావనుకో, వాడేం చేస్తాడో నీకు తెలవదు. నొక్కబాక, వదలబాక. సామంటే అంతే. మిగతాదంతా జనం కోసరం ఎగిరే ఎగురుడు."

"ఓస్, ఇంతేనా? ఇది నేను దినామూ చేసేదే. పగ్గం గట్టిగా లాగితే గుర్రం తల ఎగరేస్తాది. వదిలేస్తే దాని ఇష్టం. వేళ్ల మధ్య తేలిగ్గా పట్టుకుంటే దాని నోరు నా చేతిలో ఉంటాది. అది బెదరబోతాందని దానికన్నా ముందు నాకే తెలుస్తాది."

"నీకైతే ఎక్కుతాదనే బండి దించినా. ఊళ్లో పిల్లకాయలకు పదేళ్లు చెప్పినా ఎక్కలా."

"అయితే ఒక తేడా ఉండాదిరా. గుర్రానికీ నాకూ పోవాల్సిన ఊరు ఒకటే. నీకూ ఆ చంద్రశేఖర్‌కూ?"

"మాకూ ఒకటే. ఇద్దరిలో ఒకడు ఓడాల. ఎవడనేదే తగువు."

"వాడు మద్రాసులో నేర్చినాడంట. ఆత్మకూరోళ్లంతా వాడి వెనకే వస్తన్నారంట. ఓడితే ఏమవతాదో తెలుసు గదా? పీర్ల ముందు కత్తి పట్టుకొని నడిచేది ఇంక వాడే. ముప్పయ్యేళ్లు నడిచినోడివి, నువ్వు జనంలో నిలబడి ప్రసాదం పెట్టే మలీద ముద్దకు చెయ్యి చాపాల."

"ఓడితే గదా ఆ మాట. ఏందిరా, కర్ర తీసేసినావే? పెట్టు."

"..."

"పెట్టమంటాంటే. మాట్లాడవేంది, ఎండకు సొమ్మసిల్లినావా? నవ్వుతా నిలబడుంటావులే, నాకు తెలుసు. కళ్లు అట్ట చికిలించి చూడబాక నన్ను."

"హుసేనయ్యా, నేను గుర్రం తలకాయ కాడ ఉండా. నువ్వు తుమ్మచెట్టుతో మాట్లాడతన్నావు."

"చెట్టయినా నీకన్నా మర్యాదగా వింటాంది."

"ఎన్నాళ్లయింది?"

"ఏంది ఎన్నాళ్లు?"

"చూపు పోయి."

"ఎండరా. ఎండకు కళ్లు..."

"హుసేనా."

"పోయిన వానాకాలం నుంచి మసక. ఈ ఎండాకాలానికి మొత్తం పోయింది."

"అందుకా సంతలో నా భుజమ్మీద చెయ్యేసి నడుస్తన్నావు? ముసలితనంలో ప్రేమ పుట్టుకొచ్చిందనుకున్నా గదరా."

"నీ మీదా? చూపే పోయింది, బుద్ధి పోలేదు."

"మాలకొండమ్మకు తెలుసా?"

"పెళ్లానికి తెలవకుండా ఉంటాదా? నన్నేమీ అడగలా. కంచంలో అన్నం ఎడమ పక్క, కూర కుడి పక్క. ఏ పూటా మార్చదు. దాన్ని గురించి మేం మాట్లాడుకుంది అంతే."

"ఎక్కు బండి. వెనక్కి తిప్పతన్నా."

"తిప్పబాకరా."

"మొండికత్తయినా ఇనుమే గదా. నెత్తిన పడితే పుచ్చకాయ మాదిరి పగలతాది. ఆయమ్మకు నేనేం చెప్పేది?"

"వాడు ఒక్కసారి కత్తి ఆనిస్తే చాలు. మొదట సలాం చేసేటప్పుడు ఆనించాల్సిందే, అది పద్ధతి. ఆనినాక వాణ్ణి నేను వదలను. వాడు ఊపిరి పీల్చినా నాకు తెలుస్తాది."

"నా మాదిరి వాడూ తీసేస్తే?"

"నువ్వు దొంగోడివి కాబట్టి తీసినావు. వాడు చదువుకున్నోడు."

"చదువుకున్నోడయితే తీయడా? సరిగ్గా చెప్పు. తీసేస్తే?"

"తీసేస్తే అయిపోయినట్టే. భయమేస్తాందిరా నరసయ్యా. నీ కాడ అబద్ధం ఎందుకు? రాత్రి అన్నం కూడా సయించలా. కానీ ఇంట్లో కూర్చున్నంతసేపూ నేను గుడ్డోణ్ణే. కత్తికి కత్తి ఆనిన కాసేపే నేను హుసేనయ్యను. ఆ కాసేపు కోసరం పోతన్నా. చూపు పోయినోడు దేనికీ పనికిరాడని నీకెవడు చెప్పినాడు?"

"ఎవడూ చెప్పలా."

"మరి?"

"ఎక్కు. కాలు ఇక్కడ పెట్టు. ఇక్కడరా, అది చక్రం. ఆ, కూర్చో."

"వెనక్కేనా?"

"ఉదయగిరికే."

"ఏం, అంతలోనే మనసు మారింది?"

"ఒక మాట చెపతా, నీలోనే పెట్టుకో. బయటపడితే నా బండి ఒక్కడూ ఎక్కడు. ఈ గుర్రానికి చూపు పోయి మూడేళ్లయింది. మొన్న తాసిల్దారును దీంతోనే కొండ మలుపులన్నీ దించుకొచ్చినా, ఆయనేమో దారంతా నిద్రపోయినాడు. పగ్గం మీద నా చెయ్యి ఉంటే చాలు దానికి. ఇది చెయ్యగలిగింది నువ్వు చెయ్యలేవని ఏ నోటితో అనేది?"

"మూడేళ్లా?"

"మూడేళ్లు."

"ఒక కన్నా, రెండూనా?"

"రెండూ."

"నరసయ్యా, బండాపు."

"ఏం?"

"నేను నడిచొస్తా."