బస్సు డ్రైవరు షుగరు, మన ‘ముందేది మేడమ్’

ముప్పై ఒక్క ఏళ్ల క్రితం జులై ఒకటో తేదీన మన ఆసుపత్రి వైద్య విభాగంలో సహాయ వైద్యురాలిగా చేరి, అంచెలంచెలుగా విభాగాధిపతి స్థానాన్ని అలంకరించి, నేడు పదవీ విరమణ చేస్తున్న మా పెద్ద డాక్టరుగారి గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. పొగడ్తలు వారికి గిట్టవు కనుక భయపడుతూనే రాస్తున్నాను.

చేరిన కొత్తలోనే వారొక పద్ధతి పెట్టారు. రోగి తన మాత్రలన్నీ బల్ల మీద పోసి, మొదలుపెట్టిన వరుసలో పేర్చాలి. “ఏది ముందు?” అని వారు ఆరా తీస్తుంటే ఓపీ క్యూ గేటు దాకా సాగేది, మేం తలలు పట్టుకునేవాళ్లం. వారిని ఇంటికి ఆలస్యంగా పంపిన పాపం ఆ క్యూదే. కుటుంబ సభ్యులు మన్నించాలి. ‘ముందేది మేడమ్’ అన్న పేరు అలా వచ్చిందే. వారికి తెలియదనుకునేవాళ్లం, తెలుసట.

విభాగాధిపతి అయిన ఏడాది ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. తీపి మానేసినా, రోజూ నడుస్తున్నా షుగరు ఎక్కుతూనే ఉంది. ఇన్సులిన్ మొదలైతే స్టీరింగ్ వదలాలన్నది అతని సంస్థ నిబంధన. చాటుగా తింటున్నాడని భార్య వంటింటి అలమారకు తాళం వేసింది. మేమూ అదే అనుకున్నాం. మాత్రలు పేర్పించి చూస్తే, బీపీకి రెండు మాత్రలు మొదలైన కొన్ని నెలలకే షుగరు పైకి కదిలింది. బీపీ మాత్రలన్నీ ఒక్కటి కావు. నీరు పోయించే వాటిలో కొన్ని, గుండె వేగం తగ్గించే పాతరకాల్లో కొన్ని, కొందరి ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లనివ్వవు, షుగరు పెంచుతాయి. మరికొన్ని ఆ జోలికే పోవు. అతనివి రెండూ షుగరు పెంచే రకమే. మేడమ్ దగ్గరుండి చూసుకుంటూ వాటిని మెల్లగా మార్చారు. బీపీ అదుపులోనే ఉంది, షుగరు ఒక చిన్న మాత్రకు లొంగింది, అతని ఉద్యోగం నిలిచింది.

అతని భార్య కళ్లు తుడుచుకుంటూ, “ఇన్నాళ్లూ ఈయన్ని దొంగలా చూశానండీ” అంది.

“మీకంటే ముందు నేనే అలా చూశాను తల్లీ. ఆ రెండు మాత్రలూ అప్పట్లో రాసింది నేనే” అన్నారు మేడమ్. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, క్షమించమని అడిగారు. ఆ గదిలో నిలబడ్డ నాకు వారిమీద గౌరవం రెట్టింపయింది.

మేడమ్‌కు ఇప్పుడు బీపీ ఉంది; మాత్ర రాసింది నేను. వారు సంపూర్ణ ఆరోగ్యంతో, మనవల సందడిలో, నిండు నూరేళ్లు హాయిగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం. చెకప్పుకు వచ్చినప్పుడు మాత్రలన్నీ తెచ్చి బల్ల మీద పోయండి మేడమ్, ఏది ముందో ఈసారి మేం అడుగుతాం.