ఒక మోపు పత్తికట్టె

1986 ఏప్రిల్. ప్రత్తిపాడు పొలిమేరలో, పత్తికట్టెతో బొగ్గు ఇటుకలు చేసే మిల్లు. యజమాని రామమూర్తి, కూలి మనిషి జైతున్‌బీ.

"దించు. ముందా మోపు దించు."

"దించానండి."

"మంచినీళ్లు తాగు. తాగి చెప్పు. ఇది ఎన్నో మోపు?"

"మొదటిదేనండి."

"జైతున్‌బీ! రోజు విడిచి రోజు ఒకటి పోతోందట. గేటు దగ్గర బాపయ్య చూస్తూనే ఉన్నాడు."

"చూస్తా ఇన్నాళ్లూ ఊరుకున్నాడా? మంచోడే."

"ఎగతాళి వద్దు. కాలేజీ ఉద్యోగం వదులుకుని పెట్టిన మిల్లు ఇది. దొంగతనం ఎందుకు చేశావు?"

"దొంగతనమా! నిరుటి దాకా చేలో కట్టె పీకినోళ్లదేగా మేష్టారూ. అదే మా కూలి. ఏడాది పొడుగునా వంటచెరుకు."

"ఇప్పుడు రైతులు నాకు అమ్ముతున్నారు."

"పీకేది మేమే. మోసేది మేమే. మిషన్లో వేసేది మేమే. కాల్చుకునేది మాత్రం పర్చూరులో పొగాకు ఆరబెట్టే బేరన్లోళ్లు."

"కూలి ఇస్తున్నానుగా! మన ఇటుకలకి సింగరేణి బొగ్గు కన్నా మసి తక్కువ, బూడిద తక్కువ. ఎవరికీ పనికిరాని చెత్తతో నేను..."

"చెత్తా? ఆ మాట మా పొయ్యి దగ్గరికొచ్చి అనండి."

"సరే, నోరు జారాను. కానీ నిన్ను వదిలేస్తే రేపు అందరూ మోపులు ఎత్తుతారు. రేపటి నుంచి పనిలోకి రాకు."

"మేష్టారూ! మా ఆయన మంచాన పడ్డాడండి. నా కూలి మీదే ఇల్లు..."

"తెలుసు. అందుకే అడుగుతున్నా. అమ్ముతున్నావా?"

"అల్లా తోడు, లేదండి."

"వండుకుంటున్నావా?"

"మా పొయ్యిలోకి తుమ్మకంపేనండి. చేతులు చూడండి, అన్నీ ముళ్లే."

"మరి ఈ మోపు ఎక్కడికి?"

"మిషన్ దగ్గర పనుందండి, పోతాను."

"నిన్నే."

"మానెయ్యమంటే మానేస్తానండి. అదొక్కటి అడక్కండి."

"ఎవరిని దాస్తున్నావు? వాళ్లకి వంటచెరుకు లేకపోతే మన ఇటుకలు పట్టుకెళ్లమను, ఊరికే ఇస్తాను. మా అమ్మ నాలుగు నెలలుగా వాటి మీదే వండుతోంది. పొగ లేదు, కళ్ల మంట లేదు. మొన్న వచ్చిన ఆఫీసర్లకీ అదే చెప్పాను."

"చెప్పారండి. మేమంతా విన్నాం."

"విని?"

"ఏముందండీ... తలలు దించుకున్నాం."

"తలలు దించుకోవడం దేనికి? జైతున్‌బీ, దేనికి?"

"బేరన్లో మండుతాయేమో గానీ, ఇంటి పొయ్యిలో అవి అంటుకోవండి. ఊది ఊది అమ్మగారికి ఆయాసం వచ్చింది. మీరిటు మిల్లుకి రాగానే ఈ కట్టె మీ పెరట్లోకే మోస్తున్నానండి. 'వాడు తట్టుకోలేడే' అని నాచేత ఒట్టేయించుకున్నారు."