ఉస్తా జెన్‌హోమ్ ముక్కుకు కట్టుకోని గుడ్డ

పెద్దలారా, మన సందు తల్లులారా, కొట్లు మూసుకుని వచ్చిన జిఫ్తా బజారు అన్నలారా,

నలభయ్యో రోజు ఖురాన్ పఠనం పూర్తయింది. చక్కెర లేని కాఫీ అందరికీ అందింది. ఇక లేవబోతూ, ఒక ఆడపిల్ల రెండు మాటలు చెబుతానంటే మళ్లీ కూర్చున్నారు. మీ ఓపికకు కృతజ్ఞురాలిని. మా నానమ్మ సిత్ నబవియ్యా ముందు వరుసలో కూర్చుంది. నేనేం చెప్పబోతున్నానో ఆమెకు తెలుసు.

మనం పోగొట్టుకున్నది ఎవరిని? దూదేకే మేస్త్రీని, మన ఉస్తా జెన్‌హోమ్‌ని. ఈ గుడారంలో ఆయన ఏకిన దూది మీద పుట్టనివాళ్లు ఉన్నారా? ఆయన కుట్టిన పరుపు మీద కాపురం మొదలుపెట్టనివాళ్లు ఉన్నారా? జ్వరం వస్తే ఆయన బొంత కప్పుకుని చెమట పట్టించుకోనివాళ్లు ఉన్నారా? లేరు.

నేను టాంటా కాలేజీలో అరబ్బీ భాష చదువుతున్నాను. పరుపులు కుట్టేవాణ్ణి మనం మునగ్గిద్ అంటాం. ఆపదలో ఆదుకోవడాన్ని నగ్దా అంటాం. రెండు మాటలదీ ఒకటే ధాతువని ఈ మధ్యనే తెలిసి, సంతోషం పట్టలేక ఆయనకు చెప్పడానికి పరిగెత్తాను. ఆయన దగ్గుతూ నవ్వాడు. "అయితే అమ్మా, నన్ను ఆదుకునేవాణ్ణి ఏమంటారో అది కూడా చదివి చెప్పు" అన్నాడు. ఆ మాట కోసం పుస్తకాలన్నీ తిరగేశాను. ఇప్పటికీ దొరకలేదు.

ఇన్షిరాహ్ అక్క పెళ్లి మీకు గుర్తుండే ఉంటుంది. వీధిలో చాప పరిచి, డప్పు వాయిస్తూ, పెళ్లికూతురి పరుపులకు దూది ఏకిస్తున్నారు. అంతకుముందు చలికాలమే వాళ్ల నాన్న పోయాడు. కొత్త పత్తి కొనే స్తోమతు లేదు. తల్లి ఏం చేసింది? భర్త ఏడాదంతా మంచాన పడి తీసుకుని తీసుకుని పోయిన పరుపునే విప్పి, ఆ దూదిని ఉస్తా ముందు పోసింది. చనిపోయినవాడి పడక పెళ్లికూతురికి! తెలిస్తే ఆ సంబంధం నిలిచేదా? ఉస్తా దూదేకే విల్లు మొదటిసారి మోగగానే బూడిదరంగు దుమ్ము లేచింది. గుమ్మంలో నిలబడ్డ తల్లి దుమ్మును చూడలేదు, ఆయన మొహాన్నే చూసింది. ఆయన మొహం తిప్పుకోలేదు. ముక్కు చిట్లించలేదు. ఆ గాలినే నిండా పీల్చుకుంటూ ఏకాడు.

పెళ్లికొడుకు తల్లి వచ్చింది. మన ఆచారం ప్రకారం దూదిలో చెయ్యి పెట్టింది. "ఉస్తా, ఇది కొత్తదేనా? నీ తల మీద చెయ్యి పెట్టుకుని చెప్పు" అంది. ఆయన విల్లు ఆపకుండా, "హాజ్జా, ఈ దూది ఇప్పుడే నా విల్లు కింద పుట్టింది. ఇంకా బొడ్డు కూడా కొయ్యలేదు. కావాలంటే పేరు నువ్వే పెట్టు" అన్నాడు. వీధంతా నవ్వింది. ఆమె కూడా నవ్వేసి సంబరంగా నాలుక ఆడిస్తూ కేకపెట్టింది. ఆ అత్తా ఆ కోడలూ ఇదిగో పక్కపక్కనే కూర్చున్నారు. "నాకు ఆ రోజే తెలుసే! మొగుడు చచ్చినదాన్ని, పాత దూది నా వేళ్లకి తెలీదా?" అని ఆ అత్తగారు తర్వాతెప్పుడో కోడలితో అందట.

ఇక రెండో సంగతి. ఇది మా ఇంటిది.

ఆయనకు దగ్గు మొదలైంది. ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకోకపోతే బతకవని డాక్టరు చెప్పాడు. ఆయన కట్టుకున్నాడు. కట్టుకుని మొదట వచ్చింది మా ఇంటికే. మా నానమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏంటి ఉస్తా, నా పరుపులో గాడిదేమైనా చచ్చిందా?" అంది. మేడల మీంచి ఆడవాళ్లు విరగబడి నవ్వారు. పక్కింటావిడ అందుకుంది: "మా ఇంటికొచ్చేటప్పుడు విప్పి రా నాయనా, మావి కడిగిన ఒళ్లు!" ఉస్తా గుడ్డ విప్పాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పడక విప్పితే ఇంటి కడుపు విప్పినట్టే. కడుపు విప్పి చూపించినవాళ్ల ముందు ముక్కు మూసుకోకూడదు, తప్పు నాదే" అన్నాడు.

ఆ తర్వాత ఆ గుడ్డను ఆయన మొహం మీద ఎవరైనా చూశారా? పసిపిల్లలు తడిపిన పరుపులు, ముసలివాళ్లు మంచం పట్టిన పరుపులు, పురుళ్ల పరుపులు, అన్నీ విప్పాడు, అన్నీ పీల్చాడు. ఎవరి పరుపులో ఏం చూశాడో ఇంకొకరికి చెప్పలేదు. అన్నీ ఛాతీలోనే దాచుకున్నాడు. ఏకై వచ్చి మేకై కూర్చుందంటారే, అది సామెత కాదు. ఆ ఛాతీలో జరిగింది అదే.

పోయిన చలికాలం ఆయన పడుకోలేకపోయాడు. నడుం వాలిస్తే ఊపిరి ఆడదు. ఈ సందు మొత్తానికి మెత్తటి పడక వేసిన మనిషి, కర్రకుర్చీలో కూర్చునే నిద్రపోయాడు. నిద్ర అనుకోవాలి మనం. ఆ కుర్చీలోనే పోయాడు. పెదవులు నీలం తిరిగాయి. జేబులో గుడ్డ ఉంది. మరక లేదు, మడత నలగలేదు.

మనం ఆయన్ను చంపామా? ఆ మాట నేననను. దుమ్ము చంపింది. మరి ఆ దుమ్ము ఎవరిది? అది మన నిద్ర, మన చెమట, మన పరువు. దగ్గు వినపడుతూనే ఉంది కదా, ఒక్క గుమ్మంలోనైనా ఒక్కరైనా "కట్టుకో ఉస్తా, మేమేం అనుకోం" అన్నారా? అనడానికి ఎంత ఊపిరి కావాలి?

ఆయన కూతురు వహీబా అదిగో, ఆడవాళ్ల వైపు చివర నిలబడింది. ఇద్దరు తమ్ముళ్లను పోషించాలి. తండ్రి విల్లు భుజానికెత్తుకుంది. రేపు పొద్దున్న మొదటి పని మా ఇంట్లో, మా నానమ్మ పరుపు. ముక్కుకు ఆ గుడ్డ కట్టుకునే వస్తుంది. అలా రమ్మని కబురు పెట్టింది మా నానమ్మే. నిన్న నన్ను పిలిచి, "ఆ రోజు నేనన్న మాట అందరి ముందూ చెప్పు. నేను బతికుండగానే చెప్పు" అంది. చెప్పాను. కానీ మా ఇల్లు ఒక్కటే చాలదు. రెండో గుమ్మంలో ఎవరో నవ్వితే, ఆ పిల్ల కూడా గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంటుంది. తండ్రికి తగ్గ కూతురు.

పెద్దలారా, తల్లులారా, ఉస్తా జెన్‌హోమ్ కోసం ఇప్పుడు కాసేపు కూర్చునే మౌనం పాటిద్దాం. ఈ సందులో ఇన్నాళ్లూ మౌనం లేదు. విల్లు మోగేది, లేదా దగ్గు వినిపించేది. ఇవాళ ఆ రెండూ వినపడవు. వినపడకపోవడాన్ని వినండి. మనసులో ఆయన కోసం ఫాతిహా ప్రార్థన చదువుకోండి.

మౌనం అర్ధాంగీకారం అంటారు. నాకు సగం చాలదు. వహీబా ముక్కుకు గుడ్డ కట్టుకుని మీ గుమ్మం ఎక్కితే అవమానం అనుకునేవాళ్లు కూర్చునే ఉండండి. అనుకోనివాళ్లు లేవండి.

నానమ్మా, చెయ్యి ఇలా ఇవ్వు. ముందు నువ్వు లే.