ఎర్రబంతి ఎందుకు తప్పింది

(బిలియర్డ్స్ హాలు. ఫైనల్ ముగిసిన మర్నాటి ఉదయం. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే బావ, హాల్లో బంతులు తుడిచి పాయింట్లు చెప్పే బావమరిది.)

"చెప్పేది వింటున్నావా?"

"పొద్దుట్నుంచీ అదేగా వింటున్నా బావా. నువ్వు ఓడిపోలేదు, ఘర్షణ గెలిచింది."

"వెటకారమొద్దు. తెల్లబంతికి ఎడమ స్పిన్ ఇచ్చాను. అది ఎర్రబంతిని తాకగానే ఆ స్పిన్‌లో రవ్వంత ఎర్రబంతికి అంటుకుంటుంది. పళ్ళచక్రాల్లాగా, ఎదురు దిశలో. దాంతో ఎర్రబంతి కాస్త కుడికి జరుగుతుంది. ఆ కాస్తా లెక్కేసుకునే కొట్టాను!"

"లెక్క కరెక్టే. బంతికే చదువబ్బలేదు."

"బంతి నున్నగా ఉంటే అంటుకునేది రవ్వంతే. నిన్న బోలెడంత అంటుకుని ఎర్రబంతి గుంట తప్పింది. ఎందుకని?"

"నీ మీద ప్రేమ కొద్దీ."

"ఒరేయ్!"

"నన్నడుగుతావేంటి? క్లాసులు పీకేది నువ్వు. నేను తుడిచేవాణ్ణి."

"అదే అంటున్నా. ఆఖరి షాట్‌కి ముందు తెల్లబంతి తుడవమన్నాను. తుడిచావా?"

"తుడిచా. హాలంతా చూసింది."

"దేంతో?"

"గుడ్డతో. పట్టుచీరతో తుడవాలా?"

"ఏ గుడ్డ?"

"నీ టీ చల్లారిపోతోంది."

"ఏ గుడ్డరా? ఇందాక నీ బల్ల కింద ఒకటి దొరికింది. దులిపితే సుద్దపొడి. కర్ర కొసకి రాసుకునే సుద్ద! కంటికి ఆననంత పూసినా చాలు, బంతి గరుకెక్కుతుంది, స్పిన్ రెట్టింపు అంటుకుంటుంది. అంటే నువ్వే..."

"శభాష్. పేపర్లో వేయించుకో."

"నవ్వకు! గెలిచుంటే రేపు రైలెక్కేవాణ్ణి. నెల్లాళ్ళు పెద్ద పోటీలు. పదేళ్ళుగా దీనికోసం చచ్చాను. నన్ను గెలిచినవాడు నీకేమవుతాడు?"

"ఏమీ కాడు. వాడి మొహం చూస్తేనే నాకు మంట."

"మరెందుకు చేశావ్? ఉండు, మీ అక్కకి చెప్తా."

"వద్దు."

"ఇప్పుడు భయమేసిందా?"

"అక్కకి మాత్రం చెప్పకు బావా. చంపేస్తుంది. నువ్వు గెలిస్తే నోరు విప్పనని ఒట్టేయించుకుంది. ఓడితేనే నీకు చెప్పమంది."

"ఏం చెప్పమంది?"

"ముందా టీ తాగు బావా."

"ఏం చెప్పమందిరా?"

"సోమవారం తనకి గుండె ఆపరేషన్."